అమావాస్య కాని సోమవారం

3 ఫిబ్రవరి 1958, సోమవారం

ఈ ఏడాది సిరాపొడి మరీ నాసిరకంగా వచ్చింది. రాసిన అక్షరం రాసిన చోటే కరిగిపోతోంది. పాఠ్యపుస్తకాల అచ్చు అంతకంటే అన్యాయం. కొత్త రాష్ట్రం వచ్చి ఏడాది దాటినా మంచి అచ్చుకూటం దొరకలేదు కాబోలు. అందుకే ఈ డైరీలో ఒక్కో అక్షరం చెనక్కాయంత రాస్తున్నాను. చదివేవాళ్లు ఎలాగూ లేరు. నా భార్య దిల్షాద్‌బీకి తెలుగు చదవడం రాదు. నేను రాసుకునేది నాకోసమే.

ఈ రోజు ఒక నిర్ణయం తీసుకున్నాను. నాలుగో తరగతికి ఇకమీదట పొద్దుటి పాఠం బయటే. గాంధీగారి బేసిక్ పద్ధతి ప్రకారం పిల్లలు తమ పరిసరాలను తామే నడిచి తెలుసుకోవాలట. పుస్తకం అక్కర్లేదు, నల్లబల్ల అక్కర్లేదు. ఇంత మంచి పద్ధతి నాకు ముందే ఎందుకు తోచలేదో. మార్చి రెండో వారంలో డిప్యూటీ ఇన్‌స్పెక్టరు తనిఖీకి వస్తాడు. ఈ అలీ అహ్మద్ సారు ముసలివాడైపోయాడని ఎవరూ అనకుండా చేసి చూపిస్తాను. రిటైరు కావడానికి ఇంకా మూడేళ్లుంది.

5 ఫిబ్రవరి

మొదటి నడక పెన్న దాకా. పిల్లలు ఇంత గమనిక గలవాళ్లని నాకు ఇన్నాళ్లూ తెలియదు. బడి గడప దాటగానే మొదలుపెట్టారు. "సార్, ఈడ మోరీ ఉండాది." "సార్, బర్రె అడ్డంగా పండుకోనుండాది." "సార్, మెట్టు దిగాల." చూసినదాన్ని చూసినట్టు చెప్పడమే విద్యకు మొదటి మెట్టు. నేనేమీ అడగకుండానే చెబుతున్నారు. అందరికంటే ఎక్కువ చెప్పేది చౌడమ్మ. నేతపనివాళ్లుండే తొగట వీధి ఆదినారాయణ కూతురు, పుస్తకం బాగా చదువుతుంది. నా ఎడమ పక్క నుంచి కదలదు. నోటికి తాళం లేని పిల్ల.

ఏటి ఇసుకలో చెలమ తవ్వించాను. నీళ్లు ఊరడం చూసి మక్బూల్ ఇక్కడ నీళ్లు యాడ్నించి వస్తాయని అడిగాడు. ఏరు ఎండినా ఇసుక కింద నడుస్తూనే ఉంటుందని చెప్పాను. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో ఇంత తృప్తిగా పాఠం చెప్పిన రోజు లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఇసుకలో కాలు మడతపడింది. ఇసుక అన్నాక మడతపడకుండా ఉంటుందా.

8 ఫిబ్రవరి

ఎండ అప్పుడే ముదిరింది. కళ్లు మూసుకుంటే గాని ఉండలేకపోతున్నాను. అందరికీ ఇలాగే ఉండి ఉంటుంది.

11 ఫిబ్రవరి

దిల్షాద్‌తో గొడవ. నేను చారు గిన్నె అనుకుని నీళ్ల చెంబులో గరిటె పెట్టానట. అంతదానికే ఆస్పత్రి మాట ఎత్తింది. ఊళ్లోనే అంత పెద్ద ఆస్పత్రి ఉంది, ఎక్కడెక్కడి నుంచో బండ్లు కట్టుకుని వచ్చి కళ్లు కోయించుకుని పోతున్నారు, మీకేం రోగం అంది. నాకు ఏ రోగమూ లేదని, అదే నేను చెప్పేదని అరిచాను.

నాన్న సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా అంటుంది. ఊరూరా తిరిగే వైద్యుడెవడో వచ్చి నాన్న కంట్లో పొరను సూదితో నెట్టేశాడు. మూడు రోజులు బ్రహ్మాండంగా కనిపించింది. నాలుగో రోజు చీము. ఆ తర్వాత నాన్న చనిపోయేదాకా వసారాలో కూర్చుని, ఎవరి అడుగు చప్పుడు వినిపించినా ఎవరు ఎవరు అని అడిగేవాడు. ఆ సంగతి ఇక్కడ రాయకూడదనుకున్నాను. రాశాను.

14 ఫిబ్రవరి

పాఠం పిల్లలే చదవాలి, ఉపాధ్యాయుడు వినాలి. ఇదీ కొత్త పద్ధతిలో భాగమే. చౌడమ్మ గొంతు గణగణమంటుంది. ఒక పుట అయ్యాక, సార్ ఇప్పుడు పుట తిప్పుతాండా అని చెప్పి మరీ తిప్పుతుంది. ఆ పిల్లకు టీచరు ట్రైనింగు చదివే యోగం ఉందని ఆదినారాయణతో ఒకసారి అన్నాను. మగ్గం ముందు కూర్చునే ఇంటి పిల్లకు అంత చదువెందుకు సార్ అన్నాడు. కాని మాన్పించలేదు. అయిదో తరగతి దాకా చూద్దాం అన్నాడు.

హాజరు పుస్తకం తెరిచి పెట్టుకుంటాను గాని పేర్లు నాకు నోటికే వస్తాయి, గుర్తులు పిల్లల చేత పెట్టిస్తాను.

16 ఫిబ్రవరి, ఆదివారం

శివరాత్రి. ఊరంతా ఉపవాసాల్లో ఉంది. రేపటికి తొగట వీధి పెట్టుకున్నాను. ఆ వీధిని నడకల్లో ఇప్పటిదాకా చేర్చలేదు. పొద్దున పూట ఆ వీధి పొడుగునా పడుగులు సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వుతుంటారు. దారపు పోగులు ఈ కొస నుంచి ఆ కొస దాకా నడుమెత్తున ఉంటాయి. మనుషులు గోడల పక్కనుంచి తప్పుకుని పోవాలి. పిల్లలతో అది కుదరదు. పిల్లల కోసమే చెబుతున్నాను.

కాని అమావాస్యనాడు వాళ్లు మగ్గం ముట్టరు, పడుగు వెయ్యరు. వీధి ఖాళీగా ఉంటుంది. శివరాత్రి మర్నాడు అమావాస్యేనని ఈ ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలుసు. గోడ మీద క్యాలెండరు ఉంది గాని దాని అక్షరాలు చీమ తలకాయలంత వేశారు. దిల్షాద్‌ను పిలిచి అమావాస్య నల్లచుక్క ఏ తేదీ మీద ఉందో అడగడానికి నేనేమీ ముసలివాణ్ని కాదు.

17 ఫిబ్రవరి, సోమవారం

ఈ రోజు రాయను.

18 ఫిబ్రవరి

అమావాస్య ఈ రోజట. శివరాత్రికీ అమావాస్యకూ మధ్య ఈ ఏడు ఒక రోజు ఎడం వచ్చిందట. తిథులు కూడా మనిషిని మోసం చేస్తాయి.

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎండ నేరుగా మొహానికి కొడుతోంది. వీధి మలుపు తిరగగానే పిల్లలు ఒక్కసారిగా కేకలు వేశారు. నేను నిన్న కొంచెం హుషారుగా, వాళ్లకంటే ముందు నడుస్తున్నాను. వీధి ఖాళీ అని నాకు తెలుసు కదా. తెల్లటి పోగులు, తెల్లటి ఎండ. నడుముకు తడిగా ఏదో తగిలింది. చేతులతో తోశాను. తోసినకొద్దీ చుట్టుకుంది. పటపటమని తెగాయి. గంజి వాసన. ఒక ఆడమనిషి అయ్యో అంది.

అది ఆదినారాయణ పడుగు. పెళ్లి చీరలకు వేసిందట. అతను ఆ కొస నుంచి పరుగెత్తుకు వచ్చేసరికి చౌడమ్మ నాకూ అతనికీ మధ్యకు వచ్చి నిలబడింది.

"నేనే నాయనా తెంచింది. ఉరుకుతా వచ్చి పడినా. సార్ నన్ను పట్టుకోను వచ్చినాడు."

అతను కొట్టాడు. ఒక్క దెబ్బే. ఆ చప్పుడు నాకు బాగా వినిపించింది. మగ్గం ఇంట్లో పుట్టి పడుగులో పడతావా అన్నాడు. నాకు దండం పెట్టి, కోటుకు గంజి అంటింది సార్ అని తన పైగుడ్డతో తుడిచాడు.

నేను చెప్పబోయాను. అంతలో గుంపు చేరింది. అంతమంది మాట్లాడుతుంటే ఎవరి మాట వినిపిస్తుంది? పైగా పిల్ల అంత స్పష్టంగా చెప్పాక, నేను కాదంటే పిల్ల అబద్ధాలకోరని నలుగురిలో అన్నట్టు అవుతుంది.

19 ఫిబ్రవరి

చౌడమ్మ రాలేదు. జ్వరమై ఉంటుంది.

20 ఫిబ్రవరి

రాలేదు. పేరు పిలిచాను.

22 ఫిబ్రవరి

తరగతిలోని నారాయణ చెప్పాడు. వాడూ తొగట వీధివాడే, ఆమెకు రెండిళ్ల అవతల ఉంటాడు. చౌడమ్మను బడి మాన్పించారట. ఇంట్లో కూర్చుని నేతకు దారం కండెలు చుడుతోందట. బడికని పంపితే వీధుల్లో ఉరుకులాడను నేర్పిస్తాండారు, ఆ చదువు మాకొద్దు అన్నాడట వాళ్ల నాయన.

కోపం తగ్గితే పంపుతాడు. సోమవారానికల్లా పంపుతాడు.

24 ఫిబ్రవరి, సోమవారం

పంపలేదు. నారాయణతో కబురు చేశాను, అలీ అహ్మద్ సారు పిల్లను పంపమన్నాడని. సారు పెద్దమనిషి, ఆయన మీద మాకేం లేదు, తప్పు మా బిడ్డదే అని జవాబు వచ్చింది.

అన్నం సయించలేదు.

26 ఫిబ్రవరి

నడకలు ఆపేశాను. ఎండలకు. తరగతిలో నారాయణను చదవమంటే ఒక్కో మాటను బావిలోంచి తోడినట్టు తోడుతున్నాడు. వాడు ఆగిన చోట ఏముందో నేను చెప్పాలి. చెప్పలేదు. తర్వాతి వాణ్ని చదవమన్నాను.

బడి నుంచి వచ్చేటప్పుడు మోరీలో కాలు పడింది. ఎవరూ చూడలేదనుకుంటాను. మోకాలు చీరుకుపోయింది. బల్ల తగిలిందని దిల్షాద్‌తో చెప్పాను. ఆమె బురద కడిగి పసుపు పెట్టింది.

3 మార్చి

ఈ రోజు మక్బూల్‌ను ఒక్కణ్నే పిలిచి అడిగాను. ఆ పిల్ల ఎందుకు అబద్ధమాడిందిరా అని. వాడు గోడను గోటితో గీరుతూ నిలబడ్డాడు. బెత్తం తీయమంటావా అన్నాక చెప్పాడు.

"మీకు కనపడదని పైవాళ్లకు తెలిస్తే పని తీసేస్తారంట సార్. చౌడమ్మ చెప్పింది. ఎవురికీ చెప్పకూడదని మా అందరితో ఒట్టు పెట్టిచ్చింది."

ఎప్పటి నుంచి అని అడిగాను. దీపావళి నుంచి అన్నాడు. ఎవరు ఏ రోజు నా కుడి పక్క నడవాలో, ఎవరు ముందు నడిచి రాళ్లు చెప్పాలో వంతులు వేసుకున్నారట. ఎడమ పక్క మాత్రం చౌడమ్మ ఎవరికీ ఇవ్వలేదట.

వాణ్ని బయట ఎండలో నిలబెట్టాను. మధ్యాహ్నం గంట దాకా నిలబెట్టాను. ఏం తప్పు చేశాడని నిలబెట్టానో వాడు అడగలేదు.

నేను నేర్పుతున్నాననుకున్న పాఠం ఇది. వాళ్లు గమనించింది మోరీలనూ బర్రెలనూ కాదు, నన్ను.

నాకు కనబడదు. ఇదిగో, రాశాను. దీపావళి నుంచి కాదు, అంతకుముందు నుంచే. కుడి కన్ను పూర్తిగా పోయినట్టే, ఎడమ కంట్లో పాలు కలిపిన నీళ్లలోంచి చూసినట్టు ఉంటుంది. సిరా మంచిదే. అచ్చు కూడా ఎప్పటిలాగే ఉంది.

4 మార్చి

ఆదినారాయణకు చెప్పాలి. తనిఖీ పన్నెండో తేదీ అని కార్డు వచ్చిందట, ప్యూను చదివి చెప్పాడు. తనిఖీ కాగానే చెబుతాను. ముందే చెబితే ఊరంతా పాకి, డిప్యూటీ చెవిన పడుతుంది. వారం రోజుల్లో పిల్లకు వచ్చే నష్టమేముంది? తనిఖీ అయిన సాయంత్రమే వెళతాను.

7 మార్చి

తనిఖీ కాగానే వెళతాను.

12 మార్చి, బుధవారం

తనిఖీ అయింది. నా బడికి ఇంత మెప్పు ఎన్నడూ రాలేదు. పెన్నలో నీళ్లు ఎక్కడివని డిప్యూటీ అడిగితే తరగతి మొత్తం చెలమ గురించి చెప్పింది. ఊళ్లో ఏ వీధిలో ఏ పని చేస్తారో, ఏ ఇంటి గోడ దేనితో కట్టారో అన్నీ చెప్పారు. ఆయన ముగ్ధుడైపోయాడు. ఈ నడక పాఠాల గురించి పొద్దుటూరు ఉపాధ్యాయుల సమావేశంలో నేను మాట్లాడాలన్నాడు. నేను వంగి దండం పెట్టాను.

అప్పుడు హాజరు పుస్తకం తిప్పుతూ, ఈ చౌడేశ్వరి ఎవరు, మూడు వారాలుగా రావడం లేదే అన్నాడు. చౌడమ్మకు పుస్తకంలో ఉన్న పేరు అది. బడి మాన్పించారని చెప్పాను. అయితే పేరు కొట్టేయండి, లెక్క సరిగ్గా ఉండాలి అని కలం నా చేతికిచ్చాడు. పుస్తకం నా ముందుకు తోశాడు.

ఆయన చూస్తున్నాడు. కాగితం మీద నాకు కనిపిస్తున్నది తెలుపు, అందులో బూడిద చారలు. ఎప్పుడూ తొమ్మిదో పేరుగా పిలిచే పిల్ల కదా. పై నుంచి వేలితో అంచనా వేసి గీత గీశాను. గట్టిగా గీశాను. ఆయన అప్పటికే లేచి టోపీ పెట్టుకుంటున్నాడు.

ఆయన జీపు కదిలాక నారాయణ నా బల్ల దగ్గరికి వచ్చాడు. వాడెప్పుడూ మెల్లగానే మాట్లాడతాడు.

"సార్, మీరు నా పేరు కొట్టేసినారు. నేను రేపట్నించి రావద్దా?"

ఏడవడం లేదు వాడు. నిజంగానే అడుగుతున్నాడు. రావద్దంటే మానేసేవాడు. ఎందుకని కూడా అడిగేవాడు కాదు. తప్పక రమ్మన్నాను.

ఒక గీతతో ఇద్దరు పిల్లలు. సాయంత్రం వెళతానన్నవాణ్ని వెళ్లలేదు. సిగ్గుతో వెళ్లలేదు. ఇల్లు చేరి దిల్షాద్‌కు అంతా చెప్పాను. ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. రేపు పొద్దున తోడు వస్తానంది. ఒక్కణ్నే పోతానన్నాను. గంజి పెట్టే వేళకే పోవాలి, ఆ రోజు చూసినవాళ్లందరూ వీధిలో ఉండాలి.

13 మార్చి

వెళ్లాను.

నా ఇంటి నుంచి తొగట వీధికి రాయి విసిరేంత దూరం కూడా ఉండదు. ముప్ఫై ఏళ్లుగా తిరిగిన ఊరు. పిల్లలు లేకుండా నడిస్తే ఎవరి ఊరో అన్నట్టుంది. ఎడమ చెయ్యి గోడ మీద పెట్టుకుని నడిచాను. దారిలో ఎవరో సలాం సార్ అన్నారు. గొంతు గుర్తుపట్టలేదు. అయినా పలికాను. గానుగ ఇంటి దగ్గర నూనె వాసన, ఆ తర్వాత దూదేకుల ఇంట్లో ఏకుతున్న చప్పుడు. ఇవన్నీ చౌడమ్మ చెప్పినవే. ఆ పిల్ల నాకు ఊరంతా వరసగా అప్పజెప్పి పెట్టింది.

గంజి వాసన తగలగానే ఆగిపోయాను. అక్కడి నుంచి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. ఆదినారాయణా అని పిలిచాను. కుంచెల చప్పుడు ఆగింది. ఏంది సార్, ఇంత పొద్దున్నే వచ్చినారు అంటూ అతను దగ్గరికి వచ్చాడు.

అందరికీ వినబడేటట్టు చెప్పాను. ఆ రోజు పడుగు తెంచింది నేను, నీ కూతురు కాదు. నాకు కళ్లు కనబడవు. నా ఉద్యోగం పోకుండా ఆ పిల్ల దెబ్బ తింది. నేను నిలబడి చూశాను. చూడటం కూడా కాదు, విన్నాను.

అతనికి కోపం వస్తుందనుకున్నాను, కొడతాడేమోనని కూడా అనుకున్నాను. అతని గొంతు వినబడింది. అది కోపం గొంతు కాదు.

"ఆ పొద్దే ఈ మాట చెప్పింటే నా చెయ్యి బిడ్డ మీద పడుండునా సార్?"

ఇంతలో ఇంట్లో నుంచి రాట్నం ఆగిన చప్పుడు, చిన్న అడుగులు.

"సార్ అబద్ధం చెప్తాండాడు నాయనా. తెంచింది నేనే."

ఇంకా అదే మాట. అన్ని రోజులు కండెలు చుట్టి కూడా అదే మాట. అక్కడే ఎవరింటి అరుగు మీదనో కూర్చుండిపోయాను. చాలమ్మా, ఇక చాలు, నాకోసం ఇంకొక్క అబద్ధం కూడా ఆడవద్దు అన్నాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. వీధిలో అందరూ చూస్తున్నారని తెలుసు.

ఆదినారాయణ పిల్లను దగ్గరికి పిలిచాడు. ఏం చేశాడో నాకు కనబడలేదు. నొప్పి పుట్టిందా అని అడగడం మాత్రం వినిపించింది. ఆమె ఏమందో వినబడలేదు. తర్వాత అతను నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎప్పుడూ మీరు మీరు అనే మనిషి.

"బిడ్డను పంపిస్తా. కానీ చూపు లేకుండా నువ్వు చెప్పే చదువుకు కాదు సార్. నీకు కన్ను బాగయ్యేదాకా ఆ బడికి ఇంగొకర్ని పంపమని పైవాళ్లకు రాయి. రాసి, ఆస్పత్రికి పో."

రాస్తానన్నాను. నాన్న సంగతి చెబుదామనుకున్నాను. అతనికి అది అనవసరం.

లేచి గోడ కోసం చెయ్యి చాచాను. చౌడమ్మ చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లూ పక్కన నడిచిందే గాని ఎన్నడూ పట్టుకోలేదు, పట్టుకుంటే నలుగురికీ తెలిసిపోతుందని. ఈ రోజు పట్టుకుని, వీధి మధ్య నుంచి నా ఇంటి దాకా నడిపించింది. దారిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా మీద కోపంగా ఉంది. ఉండాలి కూడా.

14 మార్చి

డిప్యూటీకి కాగితం రాసి తపాలాలో వేయించాను. కళ్లు కనబడవని రాశాను, పొద్దుటూరు సమావేశానికి రాలేనని రాశాను. నారాయణ పేరు మళ్లీ రాయించమని కూడా రాశాను.

18 మార్చి

కొత్త పంతులు వచ్చాడు. కుర్రవాడట, కమలాపురం వైపు నుంచి. ఆయన పిల్లల్ని గదిలో కాకుండా చెట్టు కింద కూర్చోబెడుతున్నాడని మక్బూల్ వచ్చి చెప్పాడు. చౌడమ్మ వచ్చిందట. పుస్తకమంతా ఆమె చేతే చదివించాడట. శానా బాగా చదివింది సార్ అన్నాడు.

నేను లేని బడి బాగానే నడుస్తోంది. ఆ మాట విని సంతోషమైంది. నొచ్చుకున్నాను కూడా. రెండూ నిజమే.

మక్బూల్‌ను ఎండలో నిలబెట్టినందుకు తప్పయిందని చెప్పాను. వాడికి ఏమనాలో తోచక పారిపోయాడు.

20 మార్చి

రేపు ఆస్పత్రిలో చేరాలి. నిన్న చూపించుకుంటే డాక్టర్లు కుడి కన్ను రాదన్నారు, ఎడమ దానికి కోస్తారట. కోశాక ఎన్ని రోజులు కట్టు ఉంచాలో చెప్పారు గాని నాకు గుర్తులేదు, దిల్షాద్ విన్నది. భయంగా ఉందా అని ఆమెను అడిగాను. మీకు లేదా అంది.

ఉంది. చాలా భయంగా ఉంది.